మానిటర్ కొనే ముందు టేబుల్ కొలవండి

మూడేళ్ల కింద పండగ ఆఫర్లలో 27 అంగుళాల మానిటర్ ఒకటి కొన్నాను. నాది అనువాదం పని. ఎడమవైపు ఇంగ్లిష్ మూలం, కుడివైపు తెలుగు, ఓ మూల నిఘంటువు ఎప్పుడూ తెరిచి ఉండాలి. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే విసుగొచ్చి, చవగ్గా ఉందని ఆర్డర్ పెట్టేశాను. నెల తిరక్కముందే ఒక పుస్తకం ప్రూఫులు ఎర్ర గీతలతో వెనక్కి వచ్చాయి. "అర్థం" ఉండాల్సిన చోట "అర్ధం" పడింది, అదీ ఒకచోట కాదు. రెండుసార్లు చదివి పంపిన ఫైలది. మళ్లీ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. ఆ స్క్రీన్ మీద థ పొట్టలో ఉండే చుక్క నల్లగా అలుక్కుపోయి, థకీ ధకీ తేడా లేకుండా పోయింది.

పెట్టె మీద "ఫుల్ హెచ్‌డీ" అని ఉంది, అది అబద్ధమేమీ కాదు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయి. కానీ నా ల్యాప్‌టాప్‌లోనూ సరిగ్గా అన్నే చుక్కలు. అక్కడ అవి 14 అంగుళాల్లో సర్దుకుంటాయి కాబట్టి అంగుళానికి 157 వస్తాయి. అవే చుక్కలను 27 అంగుళాల మేర పరిస్తే అంగుళానికి 82. అంటే డబ్బు పోసి నా అక్షరాన్ని సగానికి దించుకున్నాను. అర్థం పోయి అర్ధం మిగిలింది.

దాన్ని ఆరు నెలలు భరించి మా బావమరిదికి ఇచ్చేశాను. వాడు దాని మీద క్రికెట్ చూస్తాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ కలిపి ఓ ఏడెనిమిది మానిటర్లు కొనిపెట్టి ఉంటాను. ఇప్పుడు ఎవరైనా "ఏ మానిటర్ తీసుకోమంటావ్?" అంటే మోడల్ పేరు చెప్పను. ముందు టేబుల్ లోతు ఎంతో కొలిచి చెప్పమంటాను. తర్వాత ల్యాప్‌టాప్ రెండు పక్కలా ఫొటో తీసి పంపమంటాను. ఈ రెండూ చూశాక జాబితాలో సగం మోడళ్లు వాటంతటవే పోతాయి.

టేబుల్ చెప్పే సైజు

మన ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ పేరుతో వచ్చేవి చాలావరకు ఒకటిన్నర అడుగు లోతువి, అంటే సుమారు 45 సెంటీమీటర్లు. మానిటర్ స్టాండు పాదమే అందులో ఇంచుమించు 20 సెంటీమీటర్లు తింటుంది. మిగిలిన జాగాలో కీబోర్డు పెట్టి కూర్చుంటే స్క్రీన్ ముఖం మీదకు వచ్చినట్టే ఉంటుంది. కుర్చీలో వెనక్కి ఆనుకుని చెయ్యి చాస్తే వేళ్ల కొసలు స్క్రీన్‌కి అటూ ఇటూగా తగలాలి. అంతకంటే దగ్గరైతే ఆ చివరా ఈ చివరా చూడటానికి మెడ తిప్పాల్సి వస్తుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

అందుకని 45 సెంటీమీటర్ల టేబుల్‌కి 24 అంగుళాల మానిటర్ చాలు. రెండడుగుల లోతు, అంటే 60 సెంటీమీటర్లు ఉంటే 27 హాయిగా కుదురుతుంది. 32 అంగుళాలు కావాలంటే 70, 75 సెంటీమీటర్ల లోతున్న టేబుల్ ఉండాలి. వెడల్పు కూడా ఓసారి టేపుతో చూసుకోండి. 24 అంగుళాలది దాదాపు 53 సెంటీమీటర్ల వెడల్పు, 27ది 60, 32ది 71, 34 అంగుళాల అల్ట్రావైడ్ (మామూలు కంటే బాగా వెడల్పాటి స్క్రీన్) అయితే 80 సెంటీమీటర్లు. పక్కన ల్యాప్‌టాప్ తెరిచి ఉంచాలంటే ఇంకో 33 కలపండి. పాత దినపత్రిక ఒకటి ఆ కొలతకు మడిచి గోడకు ఆనించి, ఎదురుగా ఓ పది నిమిషాలు కూర్చుని చూడండి. షోరూమ్‌లో చిన్నగా కనిపించిన స్క్రీన్ ఇంటికొచ్చాక గుమ్మమంత ఎందుకు అవుతుందో అప్పుడు తెలుస్తుంది.

లోతు తక్కువైనా 27 కావాల్సిందే అనేవాళ్లకు మానిటర్ ఆర్మ్ ఉంది. టేబుల్ అంచుకు బిగించే ఇనుప చెయ్యి. స్టాండు పాదం పోతుంది, స్క్రీన్ గోడ దాకా వెనక్కి జరుగుతుంది. దానికోసం మానిటర్ వీపున నాలుగు మరల రంధ్రాలు ఉండాలి, 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో. వెసా మౌంట్ అని స్పెసిఫికేషన్లలో రాస్తారు. చవక మోడళ్లలో కొన్నింటికి ఇవి ఉండవు. ఇంకొకటి, పలచటి పార్టికల్ బోర్డు టేబుల్‌కి ఆర్మ్ బిగిస్తే అంచు నొక్కుకుపోయి చిట్లుతుంది. కింద ఓ చెక్క ముక్క పెట్టి బిగించండి. అద్దం టేబుల్ అయితే ఆ ఆలోచనే వద్దు.

అక్షరం చెప్పే రిజల్యూషన్

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ ఇంగ్లిష్ చదివేవాళ్ల కోసం రాసినవి. ఇంగ్లిష్ అక్షరం ఒక అంతస్తు ఇల్లు లాంటిది, మహా అయితే ఓ పెంట్‌హౌస్. తెలుగు అక్షరానికి పైన గుడి, మధ్యలో పొట్ట, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. "రాష్ట్రం"లో ష్ట్ర ఎంత జాగాలో పట్టాలో చూడండి. ఇవన్నీ అదే వరస ఎత్తులో ఇమడాలి కాబట్టి ఒక్కో గీతకు దక్కే చుక్కలు రెండో మూడో. ఆ చుక్కలే పెద్దవైతే గీతలు కలిసిపోతాయి. ఇంగ్లిష్‌లో "పర్లేదు" అనిపించే స్క్రీన్ తెలుగులో కన్ను పొడుస్తుంది. రోజంతా తెలుగు టైప్ చేసేవాళ్లు, ప్రూఫులు చూసేవాళ్లు, పత్రికల్లో పనిచేసేవాళ్లు ఈ ఒక్క విషయం మీద రాజీ పడొద్దు.

అంగుళానికి ఎన్ని చుక్కలు అనేదాన్ని పీపీఐ అంటారు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 92. ఇది కనీస స్థాయి. ఎక్సెల్, ఈమెయిల్, బ్రౌజర్ పనులకు సరిపోతుంది, తెలుగు కూడా ఓ సైజు పెంచుకుంటే చదవొచ్చు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ 82 అని ముందే చెప్పుకున్నాం. రాతపనికి దాన్ని ఎవరు ఎంత ఆఫర్‌లో ఇచ్చినా తీసుకోవద్దు. 27 అంగుళాల క్యూహెచ్‌డీ, అంటే 2560 × 1440, 109కి వస్తుంది. 27 అంగుళాల 4కె, అంటే 3840 × 2160 అయితే 163. ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి అలవాటుపడిన కళ్లు దాని దగ్గరే కుదుటపడతాయి. 32 అంగుళాల 4కె 138. అదే 32 క్యూహెచ్‌డీ తీసుకుంటే మళ్లీ 92, అంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పదునే, సైజు మాత్రమే పెద్దది. ఇది చాలామందికి తట్టదు. 27 నుంచి 32కి పెరిగాం, ఎగబాకాం అనుకుంటారు. నిజానికి అక్షరం విషయంలో కిందికే దిగారు.

4కె అనగానే "అక్షరాలు చీమల్లా కనపడవా?" అని అడుగుతారు. స్కేలింగ్, అంటే అన్నిటినీ ఇన్ని శాతం పెద్దవి చేసి చూపించే సెట్టింగ్, లేకపోతే అలాగే కనపడతాయి. విండోస్‌లో 27 అంగుళాల 4కెకి 150 శాతం పెట్టుకుంటే పని చేసే చోటు సరిగ్గా క్యూహెచ్‌డీ అంత ఉంటుంది, కానీ ప్రతి అక్షరాన్నీ రెట్టింపుకు పైగా చుక్కలతో గీస్తుంది. కాబట్టి 27 అంగుళాల్లో క్యూహెచ్‌డీకీ 4కెకీ తేడా ఎన్ని కిటికీలు పడతాయన్నది కాదు, అక్షరం ఎంత నున్నగా ఉంటుందన్నది. ఇది అర్థమైతే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. నాలాంటి వాడికి 4కె. మా వదిన ఆడిటర్ ఆఫీసులో చేస్తుంది, ఆవిడకి కావాల్సింది గళ్లు. ఎక్సెల్‌లో మామూలు గడి వెడల్పు 64 చుక్కలు, ఎత్తు 20. ఫుల్ హెచ్‌డీ నుంచి క్యూహెచ్‌డీకి వెళితే అడ్డంగా 640, నిలువుగా 360 చుక్కలు పెరుగుతాయి. అంటే పది కాలమ్‌లు, 18 వరసలు ఎక్కువ. జీఎస్టీ రిటర్నుల సీజన్‌లో అటూ ఇటూ స్క్రోల్ చేయడం తగ్గిందని, ఆ క్యూహెచ్‌డీ మానిటర్‌ని ఆవిడ ఇప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వదు.

14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌కి విండోస్ సాధారణంగా 150 శాతం స్కేలింగ్ పెడుతుంది. అంటే అందులో మీకు నిజంగా దక్కే చోటు 1280 × 720 అంతే. దాని పక్కన మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పెట్టినా చోటు రెండింతలకు పైగా పెరుగుతుంది. బడ్జెట్ లేదని బాధపడేవాళ్లకు ఈ మాట ఊరట. చవకైన 24 కూడా పెద్ద మార్పే.

4కె అందరికీ మంచిదా అంటే, కాదు. అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ సెంటర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. ఆ కాలం సాఫ్ట్‌వేర్‌కి స్కేలింగ్ అంటే తెలియదు. 150 శాతం పెడితే విండోస్ ఆ కిటికీ మొత్తాన్ని రబ్బరులా సాగదీసి చూపిస్తుంది, మెనూలూ అక్షరాలూ మసకబారతాయి. పాత అకౌంటింగ్ ప్రోగ్రామ్‌లతోనూ ఇదే గొడవ. అలాంటి పని ఉన్నవాళ్లు స్కేలింగ్ 100 శాతంలోనే ఉంచుకోగలిగే 27 అంగుళాల క్యూహెచ్‌డీ తీసుకోవాలి, లేదా 24 అంగుళాల్లో 1920 × 1200 ఉన్నవి వెతకాలి. ఆ అదనపు 120 చుక్కల ఎత్తు పేజీ చూసేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది.

మ్యాక్‌బుక్ వాళ్లది ఇంకో కథ. విండోస్‌లో క్లియర్‌టైప్ అని, తక్కువ చుక్కల స్క్రీన్ మీద అక్షరాన్ని నున్నగా చూపించే ఏర్పాటు ఉంది. అలాంటిదాన్నే ఆపిల్ 2018లో మొజావే వెర్షన్‌తో తీసేసింది. అందుకే విండోస్‌లో బాగున్న క్యూహెచ్‌డీ మానిటర్ మ్యాక్‌కి పెట్టగానే అక్షరాలు పలచగా, అలికినట్టు అనిపిస్తాయి. మ్యాక్ ఉంటే కాస్త ఆగి డబ్బు కూడబెట్టి అయినా 4కె తీసుకోండి. రెండు మానిటర్లు పెట్టాలనుకుంటే మీ మ్యాక్‌బుక్ ఎయిర్ ఏ చిప్‌దో ముందే చూసుకోండి. ఎం1, ఎం2 ఎయిర్‌లు ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతాయి. ఎం3లో మూత మూసి ఉంచితే రెండు. ఎం4లో మూత తెరిచి ఉన్నా రెండు.

ఇక టీవీ. "32 అంగుళాల టీవీ మూల పడి ఉంది, అదే వాడుకోవచ్చు కదా" అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. మన దగ్గర ఉన్న 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి 1366 × 768 చుక్కలే, అంటే పీపీఐ 50 కూడా లేదు. వాటి మీద ఎక్సెల్ చూడటం తలనొప్పే. 43 అంగుళాల 4కె టీవీ వేరు, దాని పీపీఐ 102. కానీ దానికి లోతైన టేబుల్ కావాలి. పైగా చాలా టీవీలు రంగుల సమాచారాన్ని కుదించి చూపిస్తాయి, నీలం మీద ఎర్ర అక్షరం పెడితే అంచులు చెదిరినట్టు ఉంటాయి. సెట్టింగుల్లో పీసీ మోడ్ ఉంటే కొంత సర్దుకుంటుంది. మీటింగ్‌లు చూడటానికి సరే, రాయడానికి వద్దు.

ల్యాప్‌టాప్ పక్కనున్న రంధ్రాలు

మా తమ్ముడు సాఫ్ట్‌వేర్. పొద్దున ఆఫీసు ల్యాప్‌టాప్, రాత్రి సొంత ల్యాప్‌టాప్. వాడి టేబుల్ మీద ఒకప్పుడు చార్జర్లు రెండు, హెచ్‌డీఎంఐ తీగ, మౌస్ డాంగిల్, హబ్, అన్నీ కలిసి పుట్టలా ఉండేవి. ఇప్పుడు మానిటర్ నుంచి ఒకే ఒక్క యూఎస్‌బీ-సీ తీగ వస్తుంది. ఏ ల్యాప్‌టాప్‌కి గుచ్చితే దానికి బొమ్మ వస్తుంది, చార్జింగ్ ఎక్కుతుంది, మానిటర్ వెనక గుచ్చిన కీబోర్డు, మౌస్ దాని సొంతమైపోతాయి. ఈ సౌకర్యానికి నాలుగైదు వేలు ఎక్కువ పెట్టాడు. ఇల్లే ఆఫీసైన వాళ్లకు అది దండగ ఖర్చు కాదని నా అభిప్రాయం. ల్యాప్‌టాప్ ఎప్పుడూ టేబుల్ మీదే ఉండేవాళ్లకు అవసరం లేదు, హెచ్‌డీఎంఐ తీగ చాలు.

కానీ కొనేముందు మూడు సంగతులు చూడాలి. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ రాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది పెన్‌డ్రైవ్‌కి మాత్రమే, కొన్నింటిలో చార్జింగ్‌కి కూడా. రంధ్రం పక్కన చిన్న డీ ఆకారంలో డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే బొమ్మ వస్తుంది. గుర్తు లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ స్పెసిఫికేషన్లు తెరిచి ఆ పోర్టు వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ అనే మాట ఉందేమో వెతకండి. మా చిన్నక్క ఇది చూడకుండానే యూఎస్‌బీ-సీ మానిటర్ తెప్పించుకుని, చివరికి హెచ్‌డీఎంఐతో సర్దుకుంది.

రెండోది వాట్లు. మీ ల్యాప్‌టాప్ చార్జర్ ఇటుక మీద 45 వాట్లు, 65 వాట్లు అని రాసి ఉంటుంది. మానిటర్ ఇచ్చే పవర్ డెలివరీ కనీసం అంత ఉండాలి. పలచటి ల్యాప్‌టాప్‌లకు 65 సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న బరువైన వాటికి చాలదు, వాటికి సొంత చార్జర్ కూడా గుచ్చుకోవాల్సిందే. చవక మోడళ్లలో కొన్ని యూఎస్‌బీ-సీ అని పెద్దగా రాసి, చార్జింగ్ మాత్రం 15 వాట్లే ఇస్తాయి. ఫోన్‌కి సరిపోతుందేమో గానీ ల్యాప్‌టాప్‌కి కాదు.

మూడోది తీగ. ఫోన్ చార్జర్‌తో వచ్చే తీగ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, గుచ్చితే చార్జింగ్ కూడా ఎక్కుతుంది, బొమ్మ మాత్రం రాదు. మానిటర్ పెట్టెలో వచ్చిన తీగనే వాడండి. దానికి రంగు దారం కట్టి ఉంచుకుంటే ఇంట్లో ఎవరూ పట్టుకుపోరు.

హెచ్‌డీఎంఐతో వెళ్లేవాళ్లకు ఒక మాట. పాత ల్యాప్‌టాప్‌లలో అది 1.4 వెర్షన్. దాని మీద 4కె సెకనుకు 30 సార్లే మారుతుంది. మౌస్ బాణం జిగురులో నడుస్తున్నట్టు ఉంటుంది, రోజంతా భరించలేరు. 60 కావాలంటే 2.0 ఉండాలి. క్యూహెచ్‌డీకి ఈ ఇబ్బంది లేదు, 1.4 మీద కూడా 60 వస్తుంది. కాబట్టి ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు క్యూహెచ్‌డీయే చక్కటి జోడు. ఆఫీసు ల్యాప్‌టాప్ వాళ్లు డిస్‌ప్లేలింక్ రకం డాక్‌లు (ల్యాప్‌టాప్‌కి మానిటర్లను తగిలించే చిన్న పెట్టెలు) కొనేముందు కంపెనీ ఐటీ వాళ్లను అడగండి. వాటికి డ్రైవర్ వేయాలి, చాలా కంపెనీల్లో అది వేసుకునే అనుమతి మన చేతిలో ఉండదు.

ఒకటి పెద్దదా, రెండు చిన్నవా

అల్ట్రావైడ్ చూడగానే మనసు లాగుతుంది. 34 అంగుళాల 3440 × 1440 అంటే 27 క్యూహెచ్‌డీకి పక్కన ఇంకో మూడో వంతు అతికించినట్టు, ఎత్తూ పదునూ దాదాపు అవే. పొడవాటి టైమ్‌లైన్‌లో వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, వెడల్పాటి షీట్లతో కుస్తీ పట్టేవాళ్లకు బాగుంటుంది. కానీ మీటింగ్‌లో మొత్తం స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాళ్ల ల్యాప్‌టాప్‌లో అంతా సన్నటి పట్టీలా కనిపించి "కొంచెం జూమ్ చేయండి సర్" అంటూనే ఉంటారు. రోజుకు నాలుగు మీటింగ్‌లు ఉన్నవాళ్లకు నేనిది చెప్పను.

రెండు 24లు పెడితే మొత్తం చోటు అల్ట్రావైడ్ కంటే అడ్డంగా ఎక్కువే, ఖర్చు తక్కువ. చిక్కల్లా ఏమిటంటే రెంటి మధ్య అతుకు సరిగ్గా ముక్కుకు ఎదురుగా వస్తుంది. మెడ ఎప్పుడూ ఏదో ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఒకదాన్ని సూటిగా ఎదురుగా, ఇంకోదాన్ని పక్కన నిలువుగా తిప్పి పెడితే ఈ బాధ తప్పుతుంది. నిలువుగా తిరిగే స్టాండు ఉందో లేదో చూసుకోండి. కోడ్ చదవడానికి, కోర్టు తీర్పుల్లాంటి పొడవాటి పీడీఎఫ్‌లకు నిలువు స్క్రీన్ అంత సుఖం ఇంకొకటి లేదు. అయితే మీ దగ్గర ల్యాప్‌టాప్ స్క్రీన్ అనే రెండోది ముందే ఉందని మరవకండి. మెయిలు, చాటింగ్ అక్కడ పడేసి, పని మానిటర్ మీద చేసుకుంటే చాలామందికి ఒక్క 27 సరిపోతుంది.

పెట్టె మీద మెరిసే మాటలు

1 ఎంఎస్ (చుక్క రంగు మారే వేగం), హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపడం), 180 హెర్ట్జ్ (బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో), కర్వ్‌డ్ (వంపు స్క్రీన్). ఆఫీసు పనికి ఇవేవీ నిర్ణయించే విషయాలు కావు. 60 హెర్ట్జ్ సరిపోతుంది. ఇప్పుడొచ్చేవాటిలో 100 మామూలైపోయింది, స్క్రోలింగ్ కాస్త మెత్తగా ఉంటుంది, వస్తే మంచిదే. వెలుగు 250 నిట్స్ మాత్రమే ఉండి హెచ్‌డీఆర్ అని రాసినదాన్ని చూసి నవ్వుకుని ముందుకెళ్లండి.

ప్యానెల్ (స్క్రీన్ పలక) రకాల్లో మాత్రం ఐపీఎస్ తీసుకోండి. పక్కన కుర్చీ వేసుకుని చూసేవాళ్లకు కూడా రంగు మారదు. వీఏ ప్యానెల్‌లో నలుపు చిక్కగా ఉంటుంది, కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ తేడా) 3000:1 దాకా వెళుతుంది, మామూలు ఐపీఎస్‌ది 1000:1 చుట్టుపక్కల. సినిమాలకు వీఏ బాగుంటుంది. నల్ల నేపథ్యం మీద అక్షరాలు స్క్రోల్ చేస్తుంటే మాత్రం వెనక నీడ ఈడ్చుకొస్తుంది. ఓఎల్ఈడీ అందంగా ఉంటుంది గానీ, రోజుకు పది గంటలు కదలని టాస్క్‌బార్, కదలని ఎక్సెల్ గళ్లు దాని మీద అచ్చు పడిపోతాయనే టెన్షన్ ఎందుకు? దాంట్లో చుక్కల అమరిక కూడా వేరుగా ఉండటం వల్ల అక్షరాల అంచుల్లో రంగు తెలుస్తుంది.

స్క్రీన్ మెరుపు లేనిది, మ్యాట్‌ది తీసుకోండి. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ సరిగ్గా కుర్చీ వెనక గోడకే ఉంటుంది. ఫ్లికర్ ఫ్రీ (వెలుగు మినుకుమినుకుమనదని) అని ఉందో లేదో చూడండి, రాత్రి వెలుగు తగ్గించి పనిచేసేవాళ్లకు అది ముఖ్యం.

నేను పట్టుబట్టేది స్టాండు ఎత్తు విషయంలో. ఎత్తు మారని స్టాండు ఇచ్చి వెయ్యి, రెండు వేలు తగ్గించే మోడళ్లు బోలెడు. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకు రావాలంటారు కదా అని కింద ఎంసెట్ గైడ్లు పేర్చుకోవడం మనకు అలవాటే. కానీ ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లకు ఆ సలహా పనికిరాదు. మా నాన్నగారికి పుస్తకాలు పేర్చి స్క్రీన్ ఎత్తి పెట్టాను. దగ్గరి చూపు అద్దం కింది భాగంలో ఉంటుంది కాబట్టి ఆయన గడ్డం పైకెత్తి, ఎవరో గాలిపటం ఎగరేస్తుంటే చూస్తున్నట్టు చదివేవారు. మూడు రోజులకు మెడ నొప్పి. స్క్రీన్‌ని టేబుల్ దాకా దించి, కొంచెం వెనక్కి వాల్చాక కుదిరింది. ఒకే మానిటర్ ఇద్దరు వాడే ఇంట్లో ఎత్తు మారే స్టాండు లేకపోతే రోజూ గొడవే.

కరెంటు గురించి కూడా అడుగుతుంటారు. 24 అంగుళాలది దాదాపు 20 వాట్లు, 27 అంగుళాల 4కె 30, 40 వాట్లు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, దానితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కాకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో మానిటర్ ఆరి వెలిగితే, దాని మీదున్న కిటికీలన్నీ ల్యాప్‌టాప్ మీదకు దూకి కూర్చుంటాయి. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగుల్లో మానిటర్ కనెక్షన్‌ని బట్టి కిటికీల స్థానాలు గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంది, ఆన్ చేసుకోండి. చిన్న యూపీఎస్ ఉంటే ఆ బెడదే ఉండదు.

ఎంతకు, ఎక్కడ

ధరలు ఆఫర్లను బట్టి ఊగుతుంటాయి. నేను చూసినంతలో 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ ఏడు నుంచి పదివేల మధ్య, 27 క్యూహెచ్‌డీ 15 నుంచి 20 వేల దాకా, 27 4కె 20 వేలు దాటి 30 దాకా ఉంటుంది. పదివేలలోపే ఉంటే 24 ఫుల్ హెచ్‌డీ తీసుకుని, అదే ధరకు కనిపించే 27ను పట్టించుకోకండి. 20 వేలు పెట్టగలిగితే నా ఓటు 27 క్యూహెచ్‌డీకి. అందులోనూ రోజంతా తెలుగు చదివేవాళ్లు, మ్యాక్ ఉన్నవాళ్లు ఇంకో నాలుగు నెలలు ఆగి 4కెకి వెళ్లండి. జీఎస్టీ ఇప్పుడు అన్ని సైజులకూ 18 శాతమే. 32 అంగుళాలు దాటినవాటి మీద ఉన్న 28 శాతం 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గింది. కాబట్టి 34 అల్ట్రావైడ్ పాత ధరతో పోల్చి బేరం ఆడండి. జీఎస్టీ నంబరు ఉన్న వ్యాపారులు బిల్లు ఆ నంబరు మీదే రాయించుకుంటే పన్ను క్రెడిట్ వస్తుంది.

హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటర్ షాపులకి మీ ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లండి. షాపువాళ్లు పెట్టే రంగురంగుల చేపల వీడియో చూసి మోసపోవద్దు, అందులో ఏ స్క్రీన్ అయినా బాగానే ఉంటుంది. మీ పని ఫైలే తెరవండి. ఓ తెలుగు పేజీలో "అర్థం, అర్ధం, రాష్ట్రం, లక్ష్మి, కథ, కధ" అని 11 పాయింట్ల సైజులో టైప్ చేసి, చెయ్యి చాచినంత దూరంలో నిలబడి చదవండి. కళ్లు చిట్లించాల్సి వస్తే ఇంకోటి చూపించమనండి.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. మొదటి రోజే స్క్రీన్ మొత్తం తెల్లగా, నల్లగా, ఎర్రగా, ఆకుపచ్చగా, నీలంగా ఒక్కో రంగు నింపి, చచ్చిన చుక్కలు ఏమైనా ఉన్నాయేమో వెతకండి. రాత్రి గదిలో లైటు ఆర్పి నల్ల స్క్రీన్ చూస్తే మూలల్లోంచి వెలుగు ఎంత కారుతోందో తెలుస్తుంది. ఐపీఎస్‌లో కొద్దిగా ఉండటం మామూలే, ఒకే మూల పసుపు మచ్చలా ఉంటే మార్పించుకోండి. ఒకటి రెండు చచ్చిన చుక్కలకు వారంటీ వర్తించదనే కంపెనీలే ఎక్కువ, రిటర్న్ గడువు లోపలే తేల్చుకోవాలి. పెట్టె, అందులోని థర్మాకోల్ మాత్రం పాత సామాన్ల వాడికి వేయకండి. వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి, సర్వీస్ సెంటర్‌కి మానిటర్ పంపాల్సి వస్తే అంత భద్రంగా పట్టేది మరొకటి దొరకదు.